బహిరంగ ఉపన్యాసం ఎవరి కోసం? దాంతే నుంచి కేంబ్రిడ్జి దాకా ఒక పాత తగాదా

ఐరోపా మధ్యయుగ సాహిత్యం మీద ఆసక్తి పుట్టిన తెలుగు పాఠకుడికి ఈరోజు ఉపన్యాసాలకు కొదవ లేదు. దాంతే, పెట్రార్క్, చాసర్ అని ఏ పేరు కొట్టినా యూట్యూబ్ గంట నిడివి వీడియోలు వరసగా ముందు పెడుతుంది. వినడం మొదలుపెట్టాకే చిక్కు. ఒకటి మరీ పలచగా ఉందనిపిస్తుంది. ఇంకొకటి పది నిమిషాల్లో తల తిరిగేలా చేస్తుంది. చాలాసార్లు అది వక్త లోపం కాదు, ఆ ఉపన్యాసం ఎవరిని ఎదురుగా పెట్టుకుని చెప్పిందో మనకు తెలియకపోవడం. విశ్వవిద్యాలయ ఉపన్యాసం అనే ఒక్క పేరు కింద వేర్వేరు పనులు జరుగుతుంటాయి. వాటి వెనక ఆరు వందల ఏళ్లుగా తెగని ప్రశ్న ఒకటి ఉంది: కష్టమైన కవిత్వాన్ని నలుగురిలో కూర్చుని విప్పి చెబితే దానికి మేలా, చేటా?

ఒకే పేరు కింద నడిచే వేర్వేరు పనులు

మొదటిది తరగతి పాఠం. అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో జుసెప్పె మజోట్టా 2008లో దాంతే మీద చెప్పిన 24 పాఠాలు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. అవి ఎవరైనా వినొచ్చు కానీ ఎవరైనా వినాలని చెప్పినవి కావు. ఆ గదిలో కూర్చున్నవాళ్లు ముందురోజు రాత్రి పుస్తకం చదువుకుని వచ్చిన విద్యార్థులు, చివర్లో వాళ్లకు పరీక్ష ఉంది. మనం కిటికీ బయట నిలబడి వింటున్నట్టే లెక్క.

రెండోది ధర్మనిధి ఉపన్యాసం. ఎవరో దాత కొంత సొమ్ము వదిలిపోతారు, దాని వడ్డీ మీద ఏటేటా ఒక పెద్దమనిషిని పిలిచి మాట్లాడిస్తారు. మన విశ్వవిద్యాలయాల్లో స్మారకోపన్యాసాలు నడిచేది ఈ పద్ధతిలోనే. కేంబ్రిడ్జిలో ట్రినిటీ కాలేజీ నిర్వహించే క్లార్క్ ఉపన్యాసాలు ఇలాంటివి. 1926లో అక్కడ కవి టి.ఎస్. ఎలియట్ పదిహేడో శతాబ్దపు ఇంగ్లీషు కవుల గురించి మాట్లాడాడు. సభలో పండితులూ ఉంటారు, ఊరివాళ్లూ ఉంటారు. వక్తకు అదే పెద్ద ఇబ్బంది.

మూడోది ప్రారంభోపన్యాసం. కొత్తగా ఆచార్య పదవిలోకి వచ్చినవారు తమ శాస్త్రం ఏమిటో, దాన్ని తాము ఎటు నడపదలచుకున్నారో బహిరంగంగా ప్రకటించే సభ. ఇందులో పాఠం తక్కువ, పంతం ఎక్కువ.

ఈ మూడింటిలో దేనికీ చెందనిది పారిస్‌లోని కొలేజ్ ద ఫ్రాన్స్. ఫ్రెంచి రాజు ఒకటో ఫ్రాన్సిస్ 1530లో నెలకొల్పిన ఈ సంస్థలో చేరిక లేదు, ఫీజు లేదు, పరీక్ష లేదు, పట్టా లేదు. ఆచార్యులు పాఠం చెబుతారు, వచ్చినవాళ్లు వింటారు. అంతే.

మధ్యయుగంలో ఉపన్యాసమంటే పుస్తకం చదవడం

బొలోన్యా, పారిస్‌ వంటి తొలి విశ్వవిద్యాలయాల్లో గురువు చేసే పని ఎదుట పుస్తకం పెట్టుకుని వాక్యం చదివి అర్థం చెప్పడం. చేత్తో రాసిన పుస్తకం ఖరీదు మామూలు విద్యార్థి భరించలేడు. అందుకే పుస్తకాల దుకాణంవాళ్లు ప్రామాణిక ప్రతిని విడి భాగాలుగా చేసి, ఒక్కో భాగాన్ని నకలు రాసుకోవడానికి అద్దెకిచ్చేవాళ్లు. భాష లాటిన్. అది రానివాడికి గుమ్మం దగ్గరే అడ్డు.

ఆ గదుల్లో గాంభీర్యం తాండవించేదని అనుకోనక్కర్లేదు. పద్నాలుగో శతాబ్దంలో లౌరెన్షియస్ దె వొల్టొలీనా గీసిన బొలోన్యా తరగతి బొమ్మ బెర్లిన్‌లో ఉంది. ముందు బల్లల మీద కొందరు శ్రద్ధగా పుస్తకాల్లోకి చూస్తుంటారు, వెనక ఇద్దరు కబుర్లలో ఉంటారు, ఒకడు బల్ల మీద తల వాల్చి నిద్రపోతుంటాడు. పారిస్‌లో 1355లో ఒక నిబంధన తెచ్చారు: గురువులు విద్యార్థులు రాసుకునేంత నెమ్మదిగా చెప్పకూడదు, వాక్కు ధారగా సాగాలి. దాన్ని అడ్డుకోవడానికి అరిచినా, ఈల వేసినా, రాళ్లు విసిరినా శిక్ష. నోట్సు కోసం పోరాటం అంత పాతది! బొలోన్యాలో పరిస్థితి తలకిందులు. అక్కడ గురువుల మీద అజమాయిషీ విద్యార్థి సంఘాలది. ముఖ్యమైన పాఠానికి కనీసం అయిదుగురిని రప్పించలేని గురువు ఆరోజు పాఠం ఎగ్గొట్టినట్టే లెక్కించి జరిమానా వేసేవాళ్లు.

బహిరంగం అనదగ్గది ఒకటి మాత్రం ఉండేది. పారిస్‌లో క్రిస్మస్‌కు ముందూ ఈస్టర్‌కు ముందూ వచ్చే ఉపవాస దినాల్లో కొందరు గురువులు సభ పెట్టి, ఎవరు ఏ విషయం మీద ప్రశ్న వేసినా వాదానికి దిగేవారు. అక్కడ కూడా లాటినే. కవిత్వానికి, అందులోనూ ఇంట్లో మాట్లాడుకునే భాషలోని కవిత్వానికి, ఈ వ్యవస్థలో చోటు లేదు.

1373: ఊరి డబ్బుతో దాంతే

దాంతేని ఫ్లోరెన్స్ నగరం 1302లో వెలివేసింది. దొరికితే సజీవ దహనమని తీర్పు కూడా చెప్పింది. ఆయన తిరిగి ఊరు చూడకుండానే 1321లో రవెన్నాలో చనిపోయాడు. నరకం, ప్రక్షాళన లోకం, స్వర్గం మీదుగా సాగే తన మహాకావ్యాన్ని లాటిన్‌లో కాక తన ఊరి ఇటాలియన్‌లో రాశాడు.

యాభై ఏళ్లు గడిచాయి. 1373 వేసవిలో కొందరు ఫ్లోరెన్స్ పౌరులు నగర పాలకులకు ఒక అర్జీ పెట్టుకున్నారు. జనం 'ఎల్ దాంతే' అని పిలుచుకునే పుస్తకాన్ని చదివి చెప్పడానికి ఒక పండితుణ్ణి నియమించాలని, దానివల్ల లాటిన్ రానివాళ్లు కూడా చెడును విడిచి మంచిని, మాటతీరును నేర్చుకుంటారని అందులో రాశారు. ఆగస్టు 13న సభ ఓటు వేసింది. ఫ్లోరెన్స్‌లో ఓటంటే చిక్కుడు గింజ: నల్లది అవునని, తెల్లది కాదని. నల్లవి 186, తెల్లవి 19 పడ్డాయి. ఆ 19 మంది ఎవరో, ఎందుకు వద్దన్నారో తెలుసుకోవాలని నాకు మహా కుతూహలం. రహస్య ఓటు కాబట్టి ఆ సంగతి గింజలతోనే పోయింది.

కథకుడిగా అప్పటికే పేరున్న అరవయ్యేళ్ల జొవాన్ని బొకాచియోని ఏడాదికి 100 బంగారు ఫ్లోరిన్ల మీద నియమించారు. 1373 అక్టోబరు 23, ఆదివారం నాడు శాంతొ స్తెఫనొ అనే చర్చిలో ఆయన మొదటి ఉపన్యాసం ఇచ్చాడు. ఇవి పట్టా కోసం చెప్పిన పాఠాలు కావు, నగరం తన ఖజానాలోంచి తన జనం కోసం పెట్టించినవి. ఇంటి భాషలోని కావ్యానికి అలాంటి గౌరవం అంతకుముందు దక్కలేదు.

ఆయన చెప్పిన పద్ధతి పురాణ కాలక్షేపం ఎరిగిన మనకు వెంటనే పట్టుబడుతుంది. సర్గ మొదలుపెట్టి ముందు మాటకు మాట అర్థం. మధ్యలో ఏ దేవత పేరో, రాజు పేరో తగిలితే ఆ కథంతా. తర్వాత వేరుగా అంతరార్థం. మొదటి సర్గలో కవి చీకటడవిలో దారి తప్పి కొండ ఎక్కబోతుంటే మూడు మృగాలు అడ్డొస్తాయి: మచ్చల మృగం, సింహం, ఆడ తోడేలు. మొదట అవి ఎలా ఉన్నాయో, కవి ఎందుకు వెనక్కి తగ్గాడో చెబుతాడు. రెండో విడతలో అవి కామం, గర్వం, లోభం అవుతాయి.

అయిదో సర్గలో ఈ పద్ధతి ఎంత దూరం వెళ్లగలదో కనిపిస్తుంది. అక్కడ ఫ్రాంచెస్కా అనే స్త్రీ తన మరిది పావొలోతో ప్రేమలో పడి భర్త చేతిలో ఇద్దరూ చచ్చిన సంగతి క్లుప్తంగా చెబుతుంది. బొకాచియో దానికి ఒక పూర్వకథ జోడించాడు. భర్త కుంటివాడు, కురూపి. అమ్మాయి ఒప్పుకోదని అతని తరఫున అందగాడైన తమ్ముణ్ణి పంపారు. కిటికీలోంచి అతన్ని చూపించి నీకు కాబోయే మొగుడు ఇతనే అని ఒక పనిమనిషి చెప్పింది. పెళ్లయిన మర్నాడు గానీ ఆమెకు మోసం తెలియలేదు. దాంతే కావ్యంలో ఇందులో ఒక్క ముక్క లేదు. పావొలోకు అప్పటికే పెళ్లయిందని చరిత్రకారులు చెబుతారు కూడా. అయినా తర్వాతి శతాబ్దాల నాటకాలకూ సంగీత రూపకాలకూ ఎక్కింది ఈ మోసపు పెళ్లి కథే. వ్యాఖ్యానం మూలంలోకి ఎలా ఇంకిపోతుందో చూడాలంటే ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

'అనర్హులకు విప్పి చెప్పావు': మొదటి అభ్యంతరం

ఉపన్యాసాలు ఏడాది నిండలేదు. దాదాపు అరవై నడిచాక, 1374 మొదట్లో, పదిహేడో సర్గ ఆరంభంలోనే అనారోగ్యంతో ఆగిపోయాయి. 1375 డిసెంబరులో బొకాచియో చనిపోయాడు. ఈలోపు ఎవరో పండితుడు ఆయన్ని నిందించాడు: కావ్యదేవతల్ని తీసుకెళ్లి సంతలో నిలబెట్టావని. బొకాచియో జవాబుగా సానెట్లు (పద్నాలుగు పాదాల చిన్న కవితలు) రాశాడు. అవి సమర్థన కాదు, దాదాపు ఒప్పుకోలు. అంత ఎత్తు మేధ కన్న భావాల్ని అయోగ్యులైన జనానికి తెరిచి చూపానని దాంతే ఎక్కడున్నా ఏడుస్తుంటే ఆ తప్పు నాదే అంటాడు. వట్టి ఆశ, నిజమైన పేదరికం, స్నేహితుల బలవంతం నాచేత ఆ పని చేయించాయని చెప్పుకుంటాడు. శిక్షగా తన ఒళ్లు సీసం నింపిన తోలుతిత్తిలా కదలకుండా పడి ఉందంటాడు. ఇంకో సానెట్‌లో కసి కూడా ఉంది: ఆ కృతఘ్నుల్ని తిండి లేని ఓడ ఎక్కించి చుక్కాని పట్టేవాడు లేకుండా నడిసముద్రంలో వదిలేశానంటాడు.

ఈ మాటల్ని ఎలా తీసుకోవాలన్న దాని మీద రెండు దారులున్నాయి. నిజంగానే పశ్చాత్తాపపడ్డాడని, కవి పెట్రార్క్ స్నేహంలో ఆయన కూడా కవిత్వం కొద్దిమందికేనన్న నమ్మకంలోకి వెళ్లాడని ఒక చదువు. జబ్బు మనిషి విసుగుతో, వ్యంగ్యంతో రాసినవని మరొకటి. నాకు రెండో దాని వైపే మొగ్గు. చర్చిలో చెప్పిన ఉపన్యాసాల రాతప్రతిలో ఎక్కడా చులకన కనిపించదు, తెలియనివాడికి ఓపిగ్గా చెప్పే మనిషే కనిపిస్తాడు.

అభ్యంతరాన్ని మాత్రం తేలిగ్గా కొట్టిపారేయలేం. అందులో అహంకారం పక్కన పెడితే మిగిలేది ఇది: కష్టమైన కావ్యానికి ఆ కష్టం అలంకారం కాదు, అర్థంలో భాగం. నలుగురికీ అర్థమయ్యేలా చెప్పాలంటే కథ పెరుగుతుంది, సందిగ్ధం తరుగుతుంది. ఫ్రాంచెస్కా విషయంలో జరిగింది సరిగ్గా అదే. ఆమెది పాపమా, దురదృష్టమా అన్న దాంతే చిక్కుముడిని మోసపు పెళ్లి కథ తేలిక చేసేసింది. అటువైపు వాదానికీ బలముంది. లాటిన్ రానివాడి కోసం దాంతే తన కావ్యాన్ని ఇంటి భాషలో రాశాడు, దాన్ని మళ్లీ లాటిన్ పండితుల గదిలో పెట్టి తాళం వేస్తే కవి పట్టుదలకే విరుద్ధం. పైగా బొకాచియో ఉపన్యాసాలు విన్న బెన్వెనూతొ ద ఇమొలా 1375లో బొలోన్యా వెళ్లి దాంతే మీద తానే పాఠాలు చెప్పి, పండితులు ఇప్పటికీ తిరగేసే వ్యాఖ్యానం రాశాడు. అంటే చర్చిలో జనం కోసం పెట్టిన దీపం నుంచే విద్యాపీఠం వత్తి వెలిగించుకుంది.

నరకానికి కొలతలు: గెలీలియో లెక్క

ఒక బహిరంగ ఉపన్యాసం ఎంత కచ్చితంగా, ఎంత సరదాగా ఉండొచ్చో చూడాలంటే 1588 ఫ్లోరెన్స్‌కు రావాలి. ఫ్లోరెన్స్ అకాడమీ ఎదుట 24 ఏళ్ల గెలీలియో రెండు ఉపన్యాసాలిచ్చాడు. విషయం: దాంతే నరకం ఆకారం, స్థానం, పరిమాణం. ఫ్లోరెన్స్‌వాడైన మానెత్తి ఒక లెక్క కట్టాడు. లుక్కా ఊరివాడైన వెల్లుతెల్లొ అది తప్పని వేరే లెక్క కట్టాడు. ఊరి పరువు నిలబెట్టడం గెలీలియో వంతు.

సైతాను ఎత్తు ఎలా తేల్చాడో చూడండి. నరకపు అడుగున ఉన్న రాక్షసుడి ముఖం రోమ్‌లోని సెయింట్ పీటర్స్ చర్చి దగ్గరున్న కంచు దేవదారు కాయంత ఉందని దాంతే రాశాడు. ఆ కాయ పొడవు అయిదున్నర మూరలు. (ఇక్కడ మూర అంటే ఫ్లోరెన్స్ కొలత, సుమారు 58 సెంటీమీటర్లు.) మనిషి ఎత్తు తలకు ఎనిమిది రెట్లు కాబట్టి రాక్షసుడు 44 మూరలు. సైతాను చెయ్యితో రాక్షసుణ్ణి పోల్చడం కంటే, రాక్షసుడితో నన్ను పోల్చడమే నయమని దాంతే మరోచోట అంటాడు. మామూలు మనిషి 3 మూరలు. 3కి 44 ఎలాగో 44కి ఎంత? 44ను 44తో గుణించి 3తో భాగిస్తే సుమారు 645. ఇది చెయ్యి పొడవు. మనిషి ఎత్తులో మూడో వంతు చెయ్యి. కాబట్టి సైతాను ఎత్తు 1935 మూరలు, ఈనాటి కొలతలో కిలోమీటరు దాటి.

ఇది కవిత్వానికి అన్యాయమా? లెక్క కోసం కవితను ఎముకల దాకా ఒలిచాడని అనొచ్చు. కానీ దాంతే ఆ పోలికలు అంత లెక్కగా రాశాడన్న సంగతి మామూలుగా చదివితే తట్టదు, గెలీలియో కాగితం మీద పెట్టాకే తెలుస్తుంది. ఈ కథకు ఒక కొసరు ఉంది. నరకం పైకప్పు నిలుస్తుందా అన్నప్పుడు గెలీలియో ఒక చిన్న గుమ్మటాన్ని పోలికగా చూపించి నిలుస్తుందన్నాడు. చిన్న వస్తువును అదే నిష్పత్తిలో పెంచుకుంటూ పోతే అది బలహీనపడుతుందని 1638లో ఆయనే నిరూపించాడు. తన ఉపన్యాసంలోని పొరపాటును పసిగట్టడమే ఆ శాస్త్రానికి బీజమని భౌతికశాస్త్రవేత్త మార్క్ పీటర్సన్ వాదించాడు. ఆకర్షణీయమైన ఊహ. గెలీలియో తనంతట తాను ఆ మాట ఎక్కడా చెప్పుకోలేదు.

డబ్బు ఎవరిది, సమయం ఏమిటి

ఉపన్యాసం ఉచితమంటే వినేవాడికి ఉచితమని. ఖర్చు ఎవరో ఒకరు పెడతారు, పెట్టినవాడి అవసరం మాటల్లోకి కొంత వస్తుంది. వెలివేసిన కవిని ఫ్లోరెన్స్ తన కవిగా చేసుకోవడానికి 100 ఫ్లోరిన్లు ఖర్చుపెట్టింది. లండన్ వర్తకుడు థామస్ గ్రెషమ్ వీలునామా ప్రకారం 1597లో మొదలైన గ్రెషమ్ కాలేజీలో ఏడు విషయాల మీద ఏడుగురు ఆచార్యులు లాటిన్‌లోనూ ఇంగ్లీషులోనూ చెప్పాలి. అక్కడ విద్యార్థులంటూ లేరు, ఊరివాళ్లే శ్రోతలు. అవి ఇప్పటికీ ఉచితంగా నడుస్తున్నాయి.

సమయం చేసే ఒత్తిడి ఇంకా గట్టిది. 1870 డిసెంబరులో జర్మన్ రాజ్యమైన ప్రష్యా సైన్యం పారిస్‌ను చుట్టుముట్టి ఉండగా కొలేజ్ ద ఫ్రాన్స్‌లో మధ్యయుగ సాహిత్య పండితుడు గస్తాఁ పారీ పాఠం చెప్పాడు. విషయం పదకొండో శతాబ్దం నాటి ఫ్రెంచి వీరగాథ, ఫ్రెంచి జాతీయత. అదే ప్రసంగంలో ఆయన శాస్త్రానికి సత్యం తప్ప వేరే లక్ష్యం లేదని, దేశభక్తి కోసం కూడా దాన్ని వంచకూడదని చెప్పాడు. ఆ రెండూ ఒకే గంటలో ఇమిడాయా లేదా అన్నది పండితులు నేటికీ తర్కించుకుంటున్న విషయమే. ఫిరంగుల మధ్య మధ్యయుగ పాఠం వినడానికి వచ్చినవాళ్లు ఛందస్సు కోసమే వచ్చారని మాత్రం నేను అనుకోను.

మధ్యయుగమూ పునరుజ్జీవనమూ ఒకే పీఠంలో ఎందుకు?

ఉపన్యాసమాలల పేర్లలో ఈ రెండూ జంటగా కనిపించడం చాలామందిని తికమకపెడుతుంది. బడి పుస్తకాల్లో ఒకటి చీకటి, రెండోది వెలుగు కదా. ఆ బొమ్మకు మూలం ఇటలీ మానవవాదులు, అంటే ప్రాచీన గ్రీకు, లాటిన్ గ్రంథాలను ఆదర్శంగా పెట్టుకున్న పండితులు. తమకు ముందున్న శతాబ్దాలను చీకటిగా చూసినవాళ్లలో పెట్రార్క్ మొదటివాడు. పునరుజ్జీవనాన్ని ఒక యుగంగా నిలబెట్టినవాళ్లు పందొమ్మిదో శతాబ్దపు చరిత్రకారులు: 1855లో మిష్లే, 1860లో బుర్క్‌హార్ట్. మనిషి తనను తాను వ్యక్తిగా కనుగొన్నది ఇటలీ పునరుజ్జీవనంలోనని బుర్క్‌హార్ట్ వాదం. 1927లో అమెరికన్ చరిత్రకారుడు హాస్కిన్స్ పన్నెండో శతాబ్దంలోనే ఒక పునరుజ్జీవనం జరిగిందన్నాడు. 1977లో చరిత్రకారిణి జోన్ కెల్లీ ఇంకో కోణం నుంచి అడిగింది: ఆడవాళ్లకు పునరుజ్జీవనమంటూ ఒకటి వచ్చిందా? రాలేదని, పై తరగతి స్త్రీలకు ఉన్న వెసులుబాట్లు అప్పుడు తగ్గాయని ఆమె జవాబు.

కేంబ్రిడ్జి 1954లో మధ్యయుగ, పునరుజ్జీవన సాహిత్యాలకు కలిపి ఒక కొత్త ఆచార్య పీఠం పెట్టి సి.ఎస్. లూయిస్‌ను పిలిచింది. నవంబరు 29న, తన 56వ పుట్టినరోజున, ఆయన ప్రారంభోపన్యాసం ఇచ్చాడు. రెండు యుగాల మధ్య గోడను అతిగా కట్టారన్నాడు. అసలైన చీలిక యంత్రాలు వచ్చాక, నవలా రచయిత్రి జేన్ ఆస్టెన్ కాలానికీ (పందొమ్మిదో శతాబ్దపు తొలినాళ్లు) మన కాలానికీ మధ్య పడిందన్నాడు. తాను ఆవలి ఒడ్డువాడినని, మీరు చూస్తున్నది ఒక డైనోసార్‌నని చెప్పుకున్నాడు. హాలు నిండిపోయిందట. వాదం మాత్రం అందరికీ నచ్చలేదు. అచ్చుయంత్రం, కొత్త ఖండాలు, చర్చి చీలిక ఇవన్నీ చిన్న మార్పులా అన్నది సహజమైన ఎదురు ప్రశ్న.

గోడ ఎక్కడుందో తేల్చడం ఎంత కష్టమో 1373 ఉపన్యాసాలతోనే పరీక్షించొచ్చు. చర్చి, అంతరార్థ పద్ధతి, మొదట కావ్యానికి కారణాలు నాలుగు అని విభజించి చెప్పడం మధ్యయుగపు అలవాట్లు. ఇంటి భాషలోని కావ్యం, నగర ఖజానా, గృహస్థులైన శ్రోతలు, గ్రీకు భాష కోసం ముందే పాటుపడిన వక్త, ఇవన్నీ తర్వాతి యుగానివంటారు. ఒకే గదిలో, ఒకే సాయంత్రం రెండు యుగాలూ కూర్చున్నాయి. అందుకే ఇప్పుడు చాలా విశ్వవిద్యాలయాలు పునరుజ్జీవనం అనడం మానేసి తొలి ఆధునిక కాలం అంటున్నాయి. దానికీ విమర్శ ఉంది: అందరూ ఆధునికత అనే ఒకే గమ్యానికి నడుస్తున్నట్టు అది ముందే తీర్మానిస్తుందని.

ఈ తగాదా ఐరోపాతో ఆగలేదు, తెలుగు దాకా వచ్చింది. వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్, సంజయ్ సుబ్రహ్మణ్యం 2001లో తెలుగు, తమిళ రచనలు ఆధారంగా, 1600–1800 మధ్య దక్షిణ భారతంలో బ్రిటిష్ పాలనకు ముందే తనదైన చరిత్ర రచన ఉందని వాదించారు. ఆ కాలాన్ని మధ్యయుగం అనకుండా తొలి ఆధునికం అన్నారు. చరిత్రనూ కల్పననూ ఆనాటి పాఠకులు వాక్యపు పోకడను బట్టే వేరుచేసుకోగలిగారన్న వాళ్ల సిద్ధాంతాన్ని 2007లో సంస్కృత పండితుడు షెల్డన్ పొలాక్ గట్టిగా ప్రశ్నించాడు. రచయితలు తిరిగి జవాబిచ్చారు. కృష్ణదేవరాయల గురించిన తెలుగు వచన రచన రాయవాచకాన్నీ, కరణాల వంశావళులనూ ఏ యుగపు అరలో పెట్టాలన్నది ఇంకా నడుస్తున్న చర్చే.